చేతిచమురు రేసులు

మా పక్కింటి పెద్దాయన గ్యారేజీలో కారు పట్టదు. పాత బిస్కెట్ డబ్బాల నిండా నట్లూ బోల్టులూ, ఆస్టిన్ సెవెన్ అనే పాత బుల్లి కారు తాలూకు రెండు చక్రాలు, మేకుకి వేలాడుతూ ఒక గుడ్డ పట్టీ. రంగు వెలిసిపోయింది, అంచుల్లో గ్రీజు మరకలు. భుజం మీంచి నడుం దాకా అడ్డంగా వేసుకునేది. "ఇదేంటండీ?" అని అడిగాను. ఆయన చెప్పడం మొదలుపెట్టారు. రెండు కప్పుల టీ చల్లారిపోయింది.

అది రిలే రేసులో వేసుకునే పట్టీ. ఆస్టిన్ సెవెన్ అభిమానుల క్లబ్బయిన 750 మోటార్ క్లబ్ వాళ్లు 1951లో ఇంగ్లండులోని సిల్వర్‌స్టోన్ ట్రాక్‌లో ఆరు గంటల రిలే మొదలుపెట్టారు. జట్టుకి కొన్ని కార్లు, ట్రాక్ మీద మాత్రం ఎప్పుడూ ఒక్కటే. డ్రైవర్ అలిసిపోయినా, ఇంజిన్ పొగలు కక్కినా లోపలికి వచ్చేయాలి, పట్టీ తీసి తర్వాతివాడికి వేయాలి, వాడు బయల్దేరాలి. ఇందులో అసలు కిటుకు వేరే ఉంది. నెమ్మది కార్ల జట్టుకి ముందే కొన్ని ల్యాపులు జమ చేసేస్తారు. అందుకని ఆదివారం పెళ్లాం పిల్లల్ని ఎక్కించుకు తిరిగే పాత కారైనా ఖరీదైన స్పోర్ట్స్ కారుని ఓడించొచ్చు. 1951లో పెద్దాయనకి పదమూడేళ్లు, వాళ్ల నాన్నతో వెళ్లారట. తర్వాత చాలా ఏళ్లు ఆయన పని ఆ పట్టీ మార్చడమే. ఒక్కసారి కూడా రేసులో కారు నడపలేదు.

ఆ రేసు ఇప్పటికీ జరుగుతోంది. దాన్ని బర్కెట్ రిలే అంటారు. హాలండ్ బర్కెట్ అనే ఆయన ఆ క్లబ్బుకి మూలస్తంభం, 1963లో విమాన ప్రమాదంలో పోయారు. వృత్తిరీత్యా ఆయన పశువుల డాక్టరు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ దేశంలో కార్ల పోటీలు పెట్టడమంటే మన చేతిచమురు భాగవతమే. నిజంగానే చమురు కరువు. పెట్రోలు రేషన్ 1950 మే 26 దాకా ఎత్తేయలేదు. మధ్యలో 1947 చివర్నుంచి 1948 జూన్ దాకా సొంత పనులకి తిరిగేవాళ్లకి ఇచ్చే కోటా కూడా తీసేశారు. బ్రూక్‌లాండ్స్ అనే పాత పెద్ద ట్రాక్ యుద్ధంలో విమానాల ఫ్యాక్టరీల పాలై, మళ్లీ తెరుచుకోలేదు. మిగిలినవల్లా యుద్ధవిమానాలు వెళ్లిపోయిన ఎయిర్‌ఫీల్డులు. సిల్వర్‌స్టోన్ అలాంటిదే, గుడ్‌వుడ్ అలాంటిదే, స్నెటర్టన్, థ్రక్స్‌టన్, కాజిల్ కూంబ్ కూడా అంతే. రన్‌వే చుట్టూ ఉన్న రోడ్డే ట్రాక్, గడ్డిమోపులూ ఖాళీ డ్రమ్ములూ హద్దులు. 1947 సెప్టెంబరులో పదిమందికి పైగా మిత్రులు ఎవరినీ అడక్కుండా సిల్వర్‌స్టోన్‌లో దూరి రేసు పెట్టుకుంటే, ఒకాయన కారు కింద గొర్రె పడి చచ్చిపోయింది. దానికి 'మటన్ గ్రాండ్ ప్రి' అన్న పేరు నిలిచిపోయింది. ఇప్పుడు అదే చోట ఫార్ములా వన్ టికెట్ కోసం మన వాట్సాప్ గ్రూపులో ఎంత టెన్షన్ పడతామో మీకు తెలుసు.

ఇక కార్ల సంగతి. బ్రిస్టల్‌లో కొందరు కూర్చుని మోటార్‌సైకిల్ ఇంజిన్‌తో, 500 సీసీతో రేసు కారు కడదామనుకున్నారు. 1946కల్లా దానికో క్లబ్ వచ్చింది. అదే ఏడు లండన్ దగ్గర సర్బిటన్‌లో గ్యారేజీ నడిపే కూపర్ తండ్రీకొడుకులు ఫియట్ టోపోలినో అనే బుల్లి కార్లు రెంటి ముందు భాగాలు కోసి, వీపూ వీపూ కలిపి అతికి, ఒక కారు చేశారు. గొలుసుతో వెనక చక్రాలు తిప్పడానికి వీలుగా ఉంటుందని ఇంజిన్ వెనక పెట్టారు. పదమూడేళ్లకి, 1959లో, వెనక ఇంజిన్ ఉన్న కూపర్ కారే ప్రపంచ ఛాంపియన్‌షిప్ గెలిచింది.

నాకు మాత్రం అంతకన్నా నచ్చిన కథ, లోటస్ రేసు కార్ల కంపెనీ పెట్టిన కోలిన్ చాప్‌మన్‌ది. 750 క్లబ్బుది ఆస్టిన్ సెవెన్ ఫార్ములా, అంటే ఆ కారు ఆధారంగా కట్టినవే రేసులో దిగాలన్న రూలు. 1922 నుంచి 1939 దాకా తయారైన ఆ బుల్లి కార్లు యుద్ధం తర్వాత చవగ్గా దొరికేవి. దాని ఇంజిన్‌లో సిలిండర్లు నాలుగు, పెట్రోలూ గాలీ కలిసి లోపలికి పోయే దారులు రెండే. ఒక్కో దారిని రెండేసి సిలిండర్లు పంచుకోవాలి. ఇరుకింట్లో రెండు కాపురాల్లాగ. చాప్‌మన్ ఆ దారుల మధ్య అడ్డుగోడలు పెట్టి, రెంటిని నాలుగు చేశాడు. అప్పటికి ఇరవై రెండు, ఇరవై మూడేళ్లవాడు. 1951లో ఆ కారుని పట్టుకోవడం ఎవరి తరం కాలేదు. క్లబ్బువాళ్లు ఏం చేశారు? రూలు మార్చి ఆ అడ్డుగోడల్ని నిషేధించారు.

మొదటిసారి విన్నప్పుడు నాకు కోపం వచ్చింది. తెలివైనవాడి కాళ్లు విరగ్గొట్టడం కదా అది! పెద్దాయన నవ్వి, "చాప్‌మన్‌కి ఏ నష్టమూ లేదు, పైకి పోయాడు. మా నాన్నలాంటి ముప్ఫై మంది మాత్రం మరుసటేడు కూడా వచ్చారు" అన్నారు. నిజమే. చాప్‌మన్ లండన్‌లోని హార్న్సీలో వాళ్ల నాన్న హోటల్ వెనక గుర్రపుశాలలో లోటస్ కంపెనీ పెట్టుకున్నాడు, తర్వాత ప్రపంచమంతా గెలిచాడు.

ఇది చదువుతూ మీకు మన క్రికెట్ గుర్తొచ్చి ఉండాలి, నాకు ముందు అదే గుర్తొచ్చింది. కొన్నేళ్ల కిందట మేముండే చోట తెలుగువాళ్ల టోర్నమెంటు ఎనిమిది టీములతో మొదలైంది. ఒక టీము కౌంటీ లీగులో ఆడే కుర్రాళ్లని ముగ్గుర్ని తెచ్చుకుంది. రూల్సులో వద్దని ఎక్కడుంది అన్నారు. లేదు మరి. రెండో ఏడు ఆరు టీములు, మూడో ఏడు మూడు. ఇప్పుడు కప్పు ఎవరింట్లో ఉందో కూడా తెలీదు. కమిటీలో నేనూ ఉన్నాను. రూలు మార్చాల్సింది, మొహమాటానికి పోయి ఊరుకున్నాం. ముఖ్య అతిథిగా ఎవర్ని పిలవాలన్న దాని మీద రెండు మీటింగులు పెట్టినవాళ్లం, బొత్తిగా ఆడటం రానివాడు మళ్లీ ఎందుకు వస్తాడన్న దాని మీద అరగంట కూడా పెట్టలేదు. ముగ్గుల పోటీ అయినా, పిల్లల పద్యాల పోటీ అయినా మన దగ్గర ఇదే వరస.

అలాగని ఆ క్లబ్బుల్ని ఆకాశానికెత్తేయను. బ్రూక్‌లాండ్స్ రోజుల్లో 'మన స్థాయి జనమే, తొక్కిసలాట లేదు' అన్న అర్థం వచ్చే నినాదంతో ప్రచారం చేసుకున్న ఆట ఇది. యుద్ధం తర్వాత తలుపు కొంత తెరుచుకుంది. 1954లో బ్రాండ్స్ హాచ్ ట్రాక్‌లో ల్యాపుకి ఐదు షిల్లింగులు కట్టి నాలుగు ల్యాపులు తిరిగిన గ్రాహం హిల్ తర్వాత రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. అయినా పెద్దాయన ఆల్బమ్ అంతా తిరగేశాను, మనలాంటి మొహం ఒక్కటి కూడా లేదు.

మనవైపు కూడా ఈ కథ ఒకటి ఉంది. మద్రాసు నుంచి నెల్లూరు వెళ్లే దారిలో షోలవరం. అదీ యుద్ధకాలం నాటి ఎయిర్‌స్ట్రిప్పే. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ అక్కడ ఏళ్ల తరబడి రేసులు నడిపింది. మా నాన్న నెల్లూరు నుంచి బస్సులో వెళ్లి, ఎండలో నిలబడి చూసొచ్చిన సంగతి ఎన్నిసార్లు చెప్పారో. సిల్వర్‌స్టోన్ దగ్గర ఇల్లు తీసుకున్నామని ఫోన్‌లో చెప్తే, ఆయన ముందు అడిగింది బెడ్‌రూములు ఎన్నని కాదు.

పోయిన చలికాలం పెద్దాయన ప్రోద్బలంతో నేను ఒక రాత్రి ర్యాలీకి వెళ్లాను. ఊరి క్లబ్బుది, పన్నెండు కార్లు. స్పీడు ముఖ్యం కాదు, కాగితం మ్యాపు చూసి దారి పట్టుకోవాలి. నేను నావిగేటర్ని. మ్యాపు మీద అంకెల్ని ముందు అడ్డంగా చదవాలి, తర్వాత నిలువుగా. నేను తిరగేసి చదివాను. పదిన్నరకి ఒక రైతు పెరట్లో ఉన్నాం, హెడ్‌లైట్ల ముందు కుక్క. డ్రైవర్ కుర్రాడు ఒక్క మాట అనలేదు. ఆఖరున వచ్చాం. పబ్బులో చిప్స్ చల్లారిపోయాయి గానీ, మాకోసం రెండు ప్లేట్లు మూతపెట్టి ఉంచారు. మళ్లీ నెల కూడా వెళ్లాను.

ఈసారి బర్కెట్ రిలేకి పెద్దాయన్ని నేనే తీసుకెళ్తున్నాను. కారులో రెండు సీట్లు ఖాళీ. క్రికెట్ కమిటీ వాళ్లు ఎవరైనా వస్తానంటే ముందు వాళ్లకే.