కుట్టు వేస్తే కోట్లట!

పొద్దున్నే ఫోన్ తీస్తే మూడు గ్రూపుల్లో ఒకటే మెసేజ్. పదో తరగతి బ్యాచ్ గ్రూపులో ఒకడు, అపార్ట్‌మెంట్ గ్రూపులో ఇంకొకరు, చుట్టాల గ్రూపులో మా మావయ్య. నవ్వుకుని వదిలేసేవాణ్ణే. మధ్యాహ్నం కదిరి దగ్గర మా ఊరి నుంచి చిన్నాన్న ఫోన్ చేశాడు. "ఒరే, ఈసారి శెనక్కాయ ఆపేసి ఆ బక్‌వీట్ ఏదో వేద్దామా? ఎకరాకి లక్షా ఎనభై వేలంటనే!" అన్నాడు. ఇక వదల్లేకపోయాను.

ఇంకా అందనివాళ్లు ఎవరైనా ఉంటే, ఆ మెసేజ్ సారం ఇది: బక్‌వీట్ మన పూర్వీకులు తిన్న చిరుధాన్యం. హిమాలయ రైతులు దీంతో కోటీశ్వరులైపోయారు. రష్యా, జపాన్ మన పంట కోసం ఎగబడుతున్నాయి. దీని ధర ఎప్పటికీ పడదు. మూడు నెలల్లో ఎకరానికి 15 క్వింటాళ్లు, క్వింటా 12 వేలు. తింటే షుగర్ మాయం. విత్తనం మేమే ఇస్తాం, పంట మేమే కొంటాం. కింద ఒక ఫోన్ నంబరు, పైన విరగబూసిన పసుపుపచ్చ తోట ఫోటో.

ముందు ఆ ఫోటో సంగతి. అవి వలిసె పూలు బాబూ. నవంబరులో అరకు వెళ్లి సెల్ఫీ దిగిన ప్రతివాళ్ల ఫోన్లోనూ ఉంటాయి. బక్‌వీట్ పూలు తెల్లగానో లేత గులాబీగానో ఉంటాయి. పంట ఫోటో దొరకనివాడు పంట కొంటాడట.

షుగర్ మాయం గురించి రెండు ముక్కలు చాలు. గోధుమలో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ దీంట్లో లేదన్నది నిజం, మైదా కంటే మేలన్నదీ నిజం. మాత్రలు మానేసి దీని రొట్టెలు తింటే మాయమయ్యేది షుగర్ కాదు. పైగా ఇది కొందరికి గట్టి అలర్జీ తెస్తుంది. బక్‌వీట్ పిండితో చేసే సోబా నూడుల్స్ జపాన్‌వాళ్లకు ఎంత ఇష్టమైనా, ప్యాకెట్‌లో బక్‌వీట్ ఉంటే పైన రాసి తీరాలని అక్కడ చట్టమే ఉంది.

'పూర్వీకుల చిరుధాన్యం' అన్న మాట మీద మావయ్యతో గ్రూపులో గంటసేపు వాదించాను. పేరులో వీట్ ఉన్నా ఇది గోధుమ కాదు, చిరుధాన్యాల్లా గడ్డి జాతే కాదు, మన చుక్కకూర కుటుంబం అని చెప్పాను. నమ్మకపోతే చుక్కకూర విత్తనం పైపొర నలిపి చూడండి, మూడు పలకలుగా ఉంటుంది. బక్‌వీట్ గింజ కూడా అంతే, కాకపోతే ఇంకాస్త పెద్దది, ముదురు గోధుమరంగు. మన పూర్వీకులు నిజంగా తినుంటే దీనికి మన ఇళ్లలో ఒక పేరు ఉండాలిగా? హిందీవాళ్లు 'కుట్టు' అంటారు. మనకు కుట్టు అంటే దర్జీ చేసేది, లేదంటే తేలు చేసేది. ఇంత ఘనంగా వాదించాక మావయ్య ఒక కాగితం పెట్టాడు. 2018 ఏప్రిల్‌లో కేంద్రం ఇచ్చిన పోషక ధాన్యాల నోటిఫికేషన్ అది. జొన్న, సజ్జ, రాగి, కొర్ర, అరికెల తరవాత, చివర్లో రెండు 'సూడో మిల్లెట్లు', అంటే చిరుధాన్యాల లెక్కలో కలిపిన వేరే జాతి గింజలు, ఉన్నాయి. ఒకటి కుట్టు, రెండోది తోటకూర జాతి గింజ. సరే మావయ్యా, ఒప్పుకున్నాను. వృక్షశాస్త్రంలో నేను నెగ్గాను, గెజిట్‌లో నువ్వు నెగ్గావు. పూర్వీకులను మాత్రం ఇద్దరం వదిలేద్దాం.

'హిమాలయ రైతులు కోటీశ్వరులయ్యారు.' అయినవాళ్లు ఉన్నారు, ఆపిల్ వేసి. హిమాచల్‌లోని కిన్నౌర్ వైపు ఒకప్పుడు ఓగ్లా, ఫాఫ్రా అనే రెండు రకాల బక్‌వీట్ పండించేవారు. ఆపిల్, బఠాణీ లాంటి డబ్బు పంటలు వచ్చాయి, రేషన్ షాపులో బియ్యం, గోధుమలు దొరికాయి, ఓగ్లా చేలు తగ్గుతూ వచ్చాయి. ఉత్తరాఖండ్ కొండల్లోనూ దాదాపు ఇదే కథ. తరతరాలుగా పండించినవాళ్లే తీసేస్తున్న పంటను, ఎన్నడూ చూడని మనం తల మీద పెట్టుకోవాలా? అక్కడి చలికి, అక్కడి చిన్న చిన్న మెట్ల చేలకు అది సరిపోయింది కాబట్టి వేశారు. కోట్ల కోసం కాదు.

మరి ఢిల్లీలో కుట్టు పిండి అంత ధర ఎందుకు పలుకుతుంది? అక్కడ నవరాత్రి ఉపవాసాల్లో బియ్యం, గోధుమలు ముట్టరు కాబట్టి. ఏడాదికి రెండుసార్లు, తొమ్మిదేసి రోజులు అందరికీ ఒకేసారి కావాలి. కొండల నుంచి వచ్చే సరుకు కొంచెం, గిరాకీ కొండంత. ఆ కొద్ది రోజుల ధర పట్టుకుని ఏడాదంతా అదే ధర అని లెక్క వేస్తున్నారు. సంక్రాంతి ముందు రోజు పూల ధర చూసి బంతితోట వేసినట్టు. ఈ తొమ్మిది రోజుల బేరానికి ఇంకో ముఖం కూడా ఉంది. కుట్టు పిండి నిల్వ ఆగదు, త్వరగా పాడవుతుంది. అమ్ముడుపోని పాత సరుకు మళ్లీ పండక్కి బయటికొస్తే ఏమవుతుందో ఢిల్లీ చుట్టుపక్కల 2011 ఏప్రిల్‌లో చూశారు. ఉపవాసం ఉన్నవాళ్లు వందల మంది ఈ పిండి తిని ఆస్పత్రి పాలయ్యారు.

'రష్యా మన పంట కోసం ఎగబడుతోంది.' కోనసీమకు కొబ్బరికాయలు అమ్మబోయే వ్యాపారం ఇది. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ బక్‌వీట్ పండించేది రష్యానే. అందులో దాదాపు సగం సైబీరియాలోని అల్తాయ్ ప్రాంతం నుంచే వస్తుంది. రష్యా ఇతర దేశాలకు అమ్ముతుంది, ఈ మధ్య చైనా బాగా కొంటోంది. జపాన్ దిగుమతి చేసుకుంటుంది, నిజమే, తినేదాంట్లో ఎక్కువ భాగం బయటిదే. కానీ ఎక్కువగా చైనా నుంచి, కొంత అమెరికా, రష్యాల నుంచి, ఎప్పటినుంచో ఉన్న ఒప్పందాల మీద తెచ్చుకుంటుంది. గింజ తాజాగా ఉందా, లోపల లేత ఆకుపచ్చ రంగు పోలేదా అని చూసి మరీ తీసుకుంటారు. కదిరి ఎండలో ఆరబోసిన మూట కోసం టోక్యోలో ఎవరూ చెప్పులరిగేలా తిరగట్లేదు.

ఇప్పుడు నాకు నిజంగా కోపం తెప్పించిన వాక్యం: 'ధర ఎప్పటికీ పడదు.'

ఆ రష్యానే చూద్దాం. 2010లో అక్కడ ఘోరమైన కరువు. దిగుబడి సుమారు 3.4 లక్షల టన్నులకు పడిపోయింది, అంగళ్లలో ధర రెండు మూడింతలైంది, జనం సంచులకొద్దీ కొని దాచుకున్నారు. రైతులు చూశారు, మరుసటి ఏడాది అందరూ అదే వేశారు. 2011 పంట 8 లక్షల టన్నులు. 2014లో అల్తాయ్‌లో మంచు తొందరపడి కురిసి కోత చెడింది, మళ్లీ భయం, మళ్లీ ధర ఆకాశానికి. మళ్లీ అందరూ వేశారు. 2017కి పంట 15 లక్షల టన్నులు, ధర పాతాళానికి. చేతులు కాల్చుకున్న రైతులు వదిలేశారు, 2019లో పంట 8 లక్షల టన్నులకు కూడా రాలేదు. 2020 మార్చిలో కరోనా భయంతో మాస్కో షాపుల్లో ముందు ఖాళీ అయిన అరల్లో బక్‌వీట్ అర ఒకటి. 2021లో ప్రభుత్వమే జూన్ నుంచి ఆగస్టు దాకా ఎగుమతులు ఆపేసింది. 2022లో పంట మళ్లీ 12 లక్షలు దాటింది, ధర మళ్లీ జారింది.

తెలిసిన కథలా ఉందా? ఉండాలి. మదనపల్లె టమాటాదీ ఇదే కథ, కర్నూలు ఉల్లిదీ ఇదే. ఒక ఏడాది కిలో వంద, మరుసటి ఏడాది రోడ్డు పక్కన పారబోత. బక్‌వీట్‌కి టమాటా కంటే ఒక్కటే సౌకర్యం, కుళ్లిపోవడానికి కాస్త టైమ్ పడుతుంది. దక్షిణ అమెరికా గింజ క్వినోవానూ చూశాం. 2013ని ఐక్యరాజ్యసమితి క్వినోవా సంవత్సరం అంది, 2014లో ధర శిఖరం మీద ఉంది, తరవాత రెండేళ్లలోనే సగానికి పైగా పడిపోయింది. పండుతున్న దేశంలోనే ఇన్ని ఊగిసలాటలుంటే, ఎక్కడో అనంతపురం జిల్లా పక్కన కొత్తగా వేసిన పంటకు 'ఎప్పటికీ పడదు' అన్న హామీ ఎవరిచ్చారు? దేవుడా, ఆ ఫోన్ నంబరా?

ఆ నంబరుకి ఫోన్ చేశాను. చాలా మర్యాదగా మాట్లాడాడు, అది చెప్పాలి.

"విత్తనం ఎంతండీ?"

"కిలో ఆరువందలు సార్. ఎకరాకి ఇరవై కిలోలు."

"పంట ఎంతకి కొంటారు?"

"కిలో నూట ఇరవై సార్, అగ్రిమెంట్ రాసిస్తాం."

"అంటే నా దగ్గర నూట ఇరవైకి కొన్న గింజే నాకు ఆరువందలకి అమ్ముతారా?"

"అది విత్తనం సార్, ఇది పంట."

"ఎవరికి అమ్ముతారు మీరు?"

"కంపెనీకి సార్."

"ఏ కంపెనీ?"

"అదంతా అగ్రిమెంట్‌లో ఉంటుంది సార్."

అగ్రిమెంట్ వాట్సాప్‌లో పంపాడు. రెండు పేజీలు. రెండో పేజీ చివర్లో 'కంపెనీ నాణ్యతా ప్రమాణాలకు లోబడి' అన్న నాలుగు మాటలు మిగతా రెండు పేజీలనూ మింగేశాయి. ఆ ప్రమాణాలేమిటో ఎక్కడా లేదు. తేమ శాతం లేదు, గింజ సైజు లేదు. నచ్చలేదంటే నచ్చలేదంతే. అప్పుడు ఆ మూటలు ఎక్కడికి తీసుకెళ్తాడు మా చిన్నాన్న? ఆదోని యార్డులో శెనక్కాయ దించితే తక్కువో ఎక్కువో వేలం పాట పాడేవాళ్లు ఉంటారు. బక్‌వీట్ మూట దించితే ఇదేం పక్షి మేత అని అడుగుతారు. దీనికి కేంద్రం ప్రకటించే మద్దతు ధర లేదు. వేరుశనగకు 2025-26కి క్వింటాకు 7,263 రూపాయలు ఉంది. అది పూర్తిగా చేతికొస్తుందా అన్నది వేరే గొడవ, కనీసం అడగడానికి ఒక అంకె ఉంది.

ఎకరానికి 15 క్వింటాళ్లు కూడా చూద్దాం. రష్యాలో మంచి నేలలు, చల్లని వాతావరణం, పెద్ద యంత్రాలు అన్నీ ఉన్నా హెక్టారుకు ఒక టన్ను అటూ ఇటూ వస్తుంది. ఎకరానికి తిప్పితే నాలుగు క్వింటాళ్లు. వాడు చెప్పిన ధరకే వేసినా 48 వేలు. అందులో 12 వేలు విత్తనానికే వాడి జేబులోకి ముందే వెళ్లిపోయాయి. ఆ నాలుగు క్వింటాళ్లనే వాడు ఇరవై ఎకరాలకు విత్తనంగా అమ్ముకుంటే రెండు లక్షల నలభై వేలు. కంపెనీ ఎవరో ఇప్పుడు అర్థమైందా? వచ్చే ఏడాది ఇదే మెసేజ్ ఫార్వర్డ్ అందుకునే ఇంకో చిన్నాన్నే.

ఈము పక్షులు గుర్తున్నాయా? గుడ్డు వేలు, నూనె బంగారం, మాంసం అమెరికాకు అన్నారు. నిజానికి అమ్ముడుపోయింది ఈము పిల్లలే, ఒక రైతు నుంచి ఇంకో రైతుకు. కొత్తగా చేరే రైతులు ఆగిపోగానే 2012 ప్రాంతంలో అంతా కూలింది. మేత పెట్టలేక పక్షుల్ని వదిలేసిన షెడ్లు నేను చూశాను. ఈసారి పక్షికి బదులు గింజ, అంతే తేడా.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఈ పంట మన దగ్గరెక్కడా పండదని నేను మొదట గ్రూపులో రాసింది తొందరపాటు. ఛత్తీస్‌గఢ్‌లోని మైన్‌పాట్ పీఠభూమి మీద స్థిరపడ్డ టిబెటన్లు, వాళ్లను చూసి స్థానిక రైతులు, 'టావు' అనే పేరుతో వానలు తగ్గాక దీన్ని వేస్తున్నారు. అది వెయ్యి మీటర్ల ఎత్తున్న చల్లని చోటు. ఆ లెక్కన మన పాడేరు, లంబసింగి వైపు చలికాలంలో ఎవరైనా పావు ఎకరంలో వేసి చూస్తే తప్పేం లేదు, పక్కనే తేనెపెట్టెలు పెట్టుకుంటే ఇంకా మంచిది, తేనెటీగలకు ఈ పూలంటే ప్రాణం. పైగా ఈగలు రాకపోతే గింజ సరిగ్గా కట్టదు. కానీ కదిరి లంబసింగి కాదు. ఎండ ముదిరితే దీని పూత మాడిపోతుంది.

మాటలతో చిన్నాన్న వినడని నాకు తెలుసు. అందుకే ఆన్‌లైన్‌లో పొట్టు తీయని గింజలు తెప్పించి, ఫిబ్రవరిలో మా హైదరాబాద్ మేడ మీద రెండు కుండీల్లో చల్లాను. నాలుగు రోజుల్లో మొలిచాయి, నెల తిరిగేసరికి తెల్లటి పూలు గుత్తులు గుత్తులుగా వచ్చాయి. నాకే ఆశ పుట్టింది. మార్చి మధ్యకు పూలు గోధుమరంగుకు తిరిగి, చేత్తో తాకితే రాలడం మొదలుపెట్టాయి. చివరికి రెండు కుండీలూ దులిపితే పదకొండు గింజలొచ్చాయి. అరచేతిలో పోసి ఫోటో తీసి చిన్నాన్నకు పంపాను.

పది నిమిషాలకు జవాబొచ్చింది. "వీటిని ఆ కంపెనీవాడు కొంటాడేమో అడిగినావా?"