ఓబీఎస్‌కి ఇప్పుడు ప్లగిన్ అక్కర్లేదండి

స్క్రీన్, కెమెరా, స్లైడ్లు కలిపి రికార్డు చేసే, లైవ్ ఇచ్చే ఉచిత సాఫ్ట్‌వేర్ ఓబీఎస్‌ని జూమ్‌లో వెబ్‌క్యామ్‌లా వాడాలంటే వేరే ప్లగిన్ (పైన జోడించుకునే చిన్న ప్రోగ్రామ్) వేసుకోవాలని ఒక పోస్టులో రాశారు, అది పాత ముచ్చటండి, 2020లో వచ్చిన 26.0 వెర్షన్ నుంచి విండోస్‌లో ఆ సదుపాయం (వర్చువల్ కెమెరా) ఓబీఎస్‌లోనే ఉంది, 26.1తో మ్యాక్‌కి, లినక్స్‌కి కూడా ఇచ్చారు, లినక్స్‌లో మాత్రం వీ4ఎల్2లూప్‌బ్యాక్ అనే డ్రైవర్ విడిగా వేసుకోవాలి. అసలు చెప్పాల్సింది ఆడియో సంగతి కదా! వర్చువల్ కెమెరాలో బొమ్మ ఒక్కటే వెళ్తుంది, మైక్ జూమ్‌లో విడిగా పెట్టుకోవాల్సిందే, ఓబీఎస్‌లో వీడియో ప్లే చేసి వదిలేస్తే అవతలోళ్లకి మూకీ సినిమానే. ఇంకోటి, స్లైడ్ మీద అక్షరాలు మీకు తిరగబడి కనిపిస్తే కంగారుపడి ఓబీఎస్‌లో ఫ్లిప్ కొట్టకండి, జూమ్ మీ వీడియోని మీకే అద్దంలోలా చూపిస్తుంది అంతే, అవతల సరిగ్గానే ఉంటుంది. పాత లాప్‌టాప్ అయితే 720పీ చాలు, 1080పీ పెట్టి ఫ్యాన్ గోల వినడం ఎందుకు.