కిటికీలో సముద్రం, స్లాబులో తుప్పు

పోయిన వారం మా బావమరిది హైదరాబాదు నుంచి ఫోన్ చేసి, ఒడిశాలోని గోపాలపూర్‌కు ఉత్తరాన తీరాన్ని ఆనుకుని వేసిన ఒక లేఅవుటులో ఇల్లు చూశాననీ, అడ్వాన్సు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాననీ చెప్పాడు. "బావగారూ, గుమ్మం దిగితే ఇసుకే" అన్నాడు. అతడు గొప్పగా చెప్పిన ఆ మాటే, బరంపురంలో పుట్టి పెరిగి 2005లో గోపాలపూర్‌లో చిన్న ఇల్లు కట్టుకుని నేటిదాకా దానికి మరమ్మతులు చేయిస్తూనే ఉన్న నాకు భయం కలిగించింది. ఫోనులో చెప్పిన దానికంటే చెప్పవలసినది ఎక్కువ మిగిలిపోయింది కాబట్టి, ఇటువంటి ఆలోచనలో ఉన్న మరికొందరికైనా పనికివస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

అతడు ఆ ఇంటిని చూసినది జనవరిలో. జనవరి సముద్రాన్ని చూసి ఇల్లు కొనడం, పెళ్లిచూపుల్లో పాట విని సంబంధం ఖాయం చేసుకోవడం వంటిది. ఆ నెలలో కెరటాలు నెమ్మదిగా ఉంటాయి, ఇసుక మేట వెడల్పుగా ఉంటుంది, గాలి హాయిగా ఉంటుంది. అదే స్థలానికి ఆగస్టులో, నైరుతి గాలి బలంగా వీచేటప్పుడు, అమావాస్య లేదా పున్నమి పోటు సమయం చూసుకుని వెళ్లండి. నీరు ఎంతవరకు వచ్చి ఏ చెత్తను ఎక్కడ వదిలిందో, గట్టు మీది మొగలి పొదల వేళ్లు మట్టి కోసుకుపోయి గాలిలో వేలాడుతున్నాయో లేదో చూడండి. ఆ తరువాత వాడబలిజల వీధికి వెళ్లి, వలలు బాగుచేసుకుంటున్న పెద్దలను అడగండి. వారిని ఇక్కడ ఒడియావారు నోళియాలంటారు గాని, వారి ఇళ్లలో మాట మన తెలుగే. తమ చిన్నతనంలో తెప్పలు ఎక్కడ పెట్టేవారో, ఇప్పుడు ఆ చోటు ఒడ్డున ఉందో నీటిలో ఉందో వారు వేలు పెట్టి చూపిస్తారు. ఏ అమ్మకందారూ మీకు ఇవ్వని సమాచారం అది. అంత తిరిగే ఓపిక లేనివారు కనీసం గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల చిత్రాలను ఒకదాని తరువాత ఒకటి పెట్టి చూసినా, ఒడ్డు గీత ఎటు జరుగుతున్నదో తెలిసిపోతుంది.

ఎటు జరుగుతున్నదన్నదే అసలు ప్రశ్న. మన తూర్పు తీరంలో ఇసుక ఒకచోట నిలిచి ఉండదు. ఏడాది మొత్తం మీద లెక్క చూస్తే అది దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. ఆ నడకకు అడ్డంగా సముద్రంలోకి రాళ్లగోడ కడితే దక్షిణం వైపు ఇసుక మేట వేస్తుంది, ఉత్తరం వైపు తీరం కోతకు గురవుతుంది. అందువల్ల రేవుకు, చేపల జెట్టీకి, నదీ ముఖానికి ఉత్తరాన ఉన్న స్థలాన్ని ఒకటికి పదిసార్లు ఆలోచించి గాని కొనకూడదు. ఋషికుల్య నది ముఖం దగ్గరి పోడంపేటలో కళ్లెదుటే వరుసలకు వరుసలు ఇళ్లు కూలిపోగా, జనం ఊరు వదిలి వెనక్కి తరలిపోవలసి వచ్చింది. తరతరాలుగా సముద్రాన్ని నమ్ముకుని బతికినవారు వదిలిపెట్టిన ఒడ్డున, వారాంతపు విశ్రాంతి కోసం మనం ఇల్లు కొనుక్కోవడంలో ఏ తెలివి ఉందో నాకు అర్థం కాదు.

ఇక చట్టం. తీరప్రాంత నియంత్రణ ప్రకటన 1991లో వచ్చింది, 2011లో మారింది, 2019లో మళ్లీ మారింది. పల్లె తీరాల్లో హైటైడ్ లైను నుంచి 200 మీటర్ల లోపల కొత్త నిర్మాణం చేయకూడదన్నది దాని సారాంశం. 2011 జనాభా లెక్కల ప్రకారం చదరపు కిలోమీటరుకు 2161 మందికి మించి ఉన్న పల్లె ప్రాంతాల్లో మాత్రం 2019 ప్రకటన ఆ దూరాన్ని 50 మీటర్లకు తగ్గించింది, అదీ కొత్త తీర పటాలు ఆమోదం పొందిన చోటనే. "ఇప్పుడు యాభై మీటర్లే కదండీ" అని ఏజెంటు అంటే, ఏ పటం ప్రకారమో, ఏ సర్వే నంబరుకో చూపించమని అడగండి. హైటైడ్ లైను అంటే మీరు నిలబడిన రోజున కనిపించే నీటి అంచు కాదు; అది పటంలో అధికారికంగా గీసిన గీత. మత్స్యకార కుటుంబాలు ఇళ్లు కట్టుకోవడానికి ఇచ్చిన మినహాయింపును చూపించి బయటివారికి అమ్మే పద్ధతి కూడా ఉంది. ఆ మినహాయింపు వారిది, మీది కాదు. పంచాయతీ ప్లాను మంజూరు చేసింది కదా అని ధీమాగా ఉండేవారు కొచ్చి దగ్గరి మరడును గుర్తు చేసుకోవాలి. అక్కడ పంచాయతీ అనుమతితోనే లేచిన బహుళ అంతస్తుల భవనాలను సుప్రీంకోర్టు ఆదేశంతో 2020 జనవరి 11, 12 తేదీల్లో పేలుడు పదార్థాలతో కూల్చివేశారు.

సరిహద్దు దాటి కొనే తెలుగువారికి కాగితాల చిక్కు వేరే ఉంది. ఒడిశాలో భూమి పట్టా ఒడియా లిపిలో ఉంటుంది. భూలేఖ్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు గాని చదవగలిగిన మనిషి పక్కన ఉండాలి. అందులో 'కిసం' (భూమి రకం) అన్నచోట ఘరబారి అని ఉంటేనే అది ఇళ్ల స్థలం. సాగుభూమి అయితే ముందు మార్పిడి జరగాలి, గోచర్, అంటే పశువుల మేతభూమి, అని ఉంటే వెనుదిరిగి వచ్చేయండి. అమ్మేవారు షెడ్యూల్డు కులాలకో తెగలకో చెందినవారైతే రెవెన్యూ అధికారి అనుమతి లేని అమ్మకం చెల్లదు. కొలతల దగ్గర కూడా జాగ్రత్త అవసరం. ఇక్కడి డెసిమల్, మన సెంటు ఒకటే, ఎకరంలో నూరో వంతు. గుంట మాత్రం ఒకటి కాదు: హైదరాబాదు గుంట 121 గజాలు, ఇక్కడి గుంట నాలుగు డెసిమళ్లు, అంటే 193 గజాల పైచిలుకు. మా బావమరిది ధరలను పోల్చుకున్నది తన గుంటతోనే!

ఇన్నీ సరిపోయిన తరువాత ఉప్పు మొదలవుతుంది. నేను ఎక్కువగా దెబ్బతిన్నది ఇక్కడే. మా ఇంటి మేస్త్రీ రవాణా ఖర్చు కలిసివస్తుందని దగ్గరలోని ఉప్పుటేరు ఇసుకను తెచ్చి కలిపాడు, తడపడానికి పక్క బావిలోని ఉప్పటి నీటిని వాడాడు. నేను వారానికి ఒకసారి వచ్చి చూసి, గోడలు లేస్తున్నాయని సంతోషించి వెళ్లేవాణ్ని. ఎనిమిదో ఏడు వచ్చేసరికి వంటింటి స్లాబు నుంచి పెచ్చులు ఊడిపడటం మొదలైంది. ఉప్పు కాంక్రీటులోకి దిగి ఇనుప ఊచలను తాకితే తుప్పు పుడుతుంది. తుప్పు ఇనుముకంటే కొన్ని రెట్లు ఉబ్బుతుంది కాబట్టి అది కాంక్రీటును లోపలి నుంచి చీల్చుకుని బయటికి వస్తుంది. పైన సున్నం, రంగు వేస్తే నాలుగు నెలలు కనబడదు, అంతే. ఉప్పు తుంపర పడే చోట కనీసం ఎం35 రకం కాంక్రీటు, ఊచల మీద 50 మిల్లీమీటర్ల కాంక్రీటు పొర ఉండాలని ఐఎస్ 456 అనే భారతీయ కాంక్రీటు ప్రమాణం చెబుతుంది. మాకు ఊడిన చోట కొలిస్తే ఆ పొర బొటనవేలి మందం కూడా లేదు. కట్టిన ఇల్లు కొంటున్నవారు కొత్త రంగు చూసి మురిసిపోకుండా, సన్‌షేడ్ల అడుగు, నీళ్ల ట్యాంకు కింది దూలాలు, స్నానాల గది పైకప్పు చూడాలి. ఊచల వెంట సన్నని పగుళ్లు, ఎర్రటి చారలు ఉంటే ధర ఎంత తగ్గించినా వద్దు. తలుపుల కీళ్లు, గ్రిల్లులు, ఏసీ బయటి యూనిటు మొదలైనవి మామూలు ఊరికంటే ఎంతో ముందుగా పాడవుతాయి. ఆ ఖర్చును ఇంటి ధరలో కలిపి లెక్క వేసుకోవాలి.

నీటి సంగతి ఇంకొకటి. తీరంలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. బావిలో మట్టం సముద్రమట్టానికి మీటరు ఎత్తున ఉంటే దాని కింద సుమారు 40 మీటర్ల మంచినీరు ఉన్నట్టు. ఆ మీటరులో సగం తోడేస్తే కింది నుంచి ఉప్పునీరు 20 మీటర్లు పైకి వస్తుంది. ఇరవై ఇళ్ల లేఅవుటులో ఇంటికొక బోరు వేస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. కాబట్టి నీటి పరీక్షను వానలు వెలిసిన వెంటనే కాక, మే నెలలో చేయించండి.

తుపాను గురించి ఇక్కడివారికి చెప్పనక్కర లేదు. 2013 దుర్గాష్టమి నాటి రాత్రి ఫైలిన్ గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. గంటకు 200 కిలోమీటర్లకు పైబడిన గాలి. 2018 అక్టోబరులో తిత్లీ పలాస వైపు విరుచుకుపడి ఉద్దానం కొబ్బరితోటలను నేలకూల్చింది. ఫైలిన్ రాత్రి మేము బరంపురంలో ఉన్నాము. మూడో రోజున వెళ్లి చూస్తే సముద్రానికి ఎదురుగా ఉన్న ఇళ్లలో అద్దాలు, తలుపులు లేవు, హాలులో మోకాలి లోతు ఇసుక ఉంది. మా ఇల్లు వెనక వీధిలో, సరుగుడు తోపుకు ఇవతల ఉన్నందువల్ల రెండు కిటికీలతో, పెరటి గోడతో సరిపెట్టుకుంది. గాలికి ముందు నిలబడి విరిగినవి ఆ సరుగుడు చెట్లే. అందుకే దృశ్యం బాగా కనబడాలని ఎదుటి తోపును నరికించి ఇచ్చే లేఅవుటు అంటే నాకు ఒళ్లు మండుతుంది. బీమా తీసుకునేవారు తుపాను, వరద నష్టాలు పాలసీలో ఉన్నాయో లేదో చదివి, స్థలం ధరకు కాక తిరిగి కట్టడానికి అయ్యే ఖర్చుకు తీసుకోవాలి. అనుమతి లేని కట్టడమైతే బ్యాంకు రుణం దగ్గరే పని ఆగిపోతుంది. నన్నడిగితే అది మన మంచికే.

చివరకు మా బావమరిదికి నేను సూచించినది, ఆ లేఅవుటును వదిలేసి, ఊరివైపు మెరక మీద, తోపుకు వెనక, నడిచి పది నిమిషాల్లో ఒడ్డుకు చేరగలిగే చోట పాత ఘరబారి స్థలం చూసుకోమని. "అక్కడి నుంచి సముద్రం కనిపిస్తుందా బావగారూ?" అని అడిగాడు. డాబా ఎక్కితే కొంచెం కనిపిస్తుందనీ, రాత్రిపూట హోరు మాత్రం బాగా వినిపిస్తుందనీ చెప్పాను. మా చెల్లాయితో మాట్లాడి చెబుతానన్నాడు. అడ్వాన్సు అయితే ఇంకా ఇవ్వలేదు.