కొడితే వచ్చే నిజం

ప్రాణహిత నది అవతలి ఒడ్డున, మహారాష్ట్ర వైపు సిరోంచలో ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. ‘ఫలానా ఆమెకు మంత్రాలొచ్చట’ అనే గుసగుస మాత్రం రెండు భాషల్లోనూ నడుస్తుంది. అదే గడ్చిరోలి జిల్లాలో, ఏటపల్లి తాలూకా బార్సేవాడలో 2024 మే 1న ఒక స్త్రీని, ఒక పురుషుణ్ణి చేతబడి చేశారంటూ కొట్టి, నిప్పంటించి చంపారు. అరెస్టయిన 15 మందిలో ఆమె భర్త, కొడుకు కూడా ఉన్నారు. అంతకు ముందు 2021 ఆగస్టులో, ఆసిఫాబాద్ సరిహద్దుకు దగ్గర్లోని చంద్రపూర్ జిల్లా జీవతి తాలూకాలో, బాణామతి నెపంతో దళిత వృద్ధులను నడివీధిలో స్తంభాలకు కట్టి కొట్టారు.

ఇలాంటి వార్త రాగానే ‘అంతా మతగ్రంథాల చలవే’ అంటారు నాలాంటి హేతువాదులు. ‘మా గ్రంథంలో అలా లేదు’ అంటారు భక్తులు. రెండూ అసలు సంగతి దాటేసే మాటలే.

గ్రంథంలో ఉంది. నిప్పు పట్టించో నీట ముంచో మనిషి నిజాయితీ తేల్చమంటుంది మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం. మంత్రగత్తెను బతకనివ్వద్దంటుంది బైబిల్లో నిర్గమకాండం 22వ అధ్యాయం. మతద్రోహులను హింసించి ఒప్పించడానికి 1252లో పోప్ నాలుగో ఇన్నోసెంట్ అనుమతే ఇచ్చాడు. ఇక కుంభీపాకం, రౌరవం లాంటి నరకాలు సరేసరి. అవి వింటూ పెరిగిన పిల్లవాడికి సలసల కాగే నూనె కూడా న్యాయంలో భాగమే అనిపిస్తే తప్పెవరిది?

కానీ బార్సేవాడలో ఎవరూ శ్లోకం చూసి అగ్గిపుల్ల గీయలేదు. 1855లో మద్రాసు ప్రెసిడెన్సీ విచారణ సంఘం బయటపెట్టిన చిత్రహింసలు చాలావరకు శిస్తు వసూలు కోసం పెట్టినవి. వాటికి ఏ దేవుడితోనూ పనిలేదు. గ్రంథమున్నా లేకున్నా చెక్కుచెదరనిది ఒకే నమ్మకం: నాలుగు తగిలిస్తే నిజం కక్కుతారు. మంత్రగత్తె ఎవరో పేరు ముందే తేలిపోయాక ఇక అడిగేదేముంది? చేయలేదంటే మొండిఘటం, చేశానంటే రుజువు దొరికినట్టే. ప్రాణం దక్కించే జవాబు ఆమె దగ్గర లేనే లేదు. లాకప్‌లోనూ ఇదే తంతు.

ఈ నమ్మకం బూటకమని మన పాతవాళ్లకూ తెలుసు. ఆదిపర్వంలో మౌనవ్రతంలో ఉన్న మాండవ్యుణ్ణి దొంగలతో కలిపి లెక్కగట్టి కొరత వేస్తారు. తర్వాత ఆ ముని నేరుగా యముణ్ణే నిలదీస్తాడు, ఏ పాపానికి ఇది అని. చిన్నతనంలో పురుగులకు పుల్ల గుచ్చినందుకట! అంత చిన్న తప్పుకు ఇంత శిక్షా అని యముణ్ణి శూద్రుడిగా పుట్టమని శపిస్తాడు. అలా పుట్టినవాడే విదురుడు. (ఆ పుట్టుకను శిక్షగా చూసిన కులబుద్ధి వేరే గొడవ.) శిక్షలు వేసే దేవుణ్ణే బోనెక్కించిన కథ ఇది.

కౌటిల్యుడి అర్థశాస్త్రంలో మాండవ్యుడు మౌనంగా లేడు. దొంగ కాకపోయినా, పెట్టే బాధకు జడిసి ‘దొంగనే’ అనేశాడట. కాబట్టి ఆధారం చూసుకోమంటాడు కౌటిల్యుడు. విచిత్రంగా అదే అధ్యాయంలో పద్ధెనిమిది రకాల హింసల జాబితా కూడా ఇస్తాడు! ఆ రెండింట్లో ఏది పుచ్చుకోవాలో పుస్తకం చెప్పదు. ఎంచుకునేది చదివేవాడే, ఆ ఎంపిక చేసే వివేకం వాడికి పుస్తకం బయట నుంచే వచ్చి ఉండాలి.

పోలీసు ముందు ఒప్పుకున్నది నేరానికి రుజువు కాదని 1872 సాక్ష్య చట్టమే రాసుకుంది. ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమంలో అది 23వ సెక్షన్. మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దభోల్కర్ హత్య తర్వాత, 2013లోనే మహారాష్ట్ర చేతబడి నిరోధక చట్టం తెచ్చింది. ఆ చట్టం ప్రచార సభల్లో బాబాలు కొబ్బరికాయలోంచి మంట ఎలా రప్పిస్తారో చేసి చూపిస్తుంటారు. మంచిదే. అయితే బాబా గుట్టు తెలిసినంత మాత్రాన కొట్టే చెయ్యి ఆగదు. సిరోంచ సభల్లో గారడీతో పాటు మాండవ్యుడి కథ కూడా చెప్పాలి. ముందు వరుస కుర్చీల్లో కూర్చునే పోలీసు అధికారులూ వినాలి: చిత్రహింసల వ్యతిరేక ఐక్యరాజ్యసమితి ఒడంబడికపై 1997లో సంతకం చేసిన మన దేశం దాన్ని ఇప్పటికీ ధ్రువీకరించలేదు.