అమెరికాలో బిజినెస్ చదువు: ర్యాంకు చూస్తాం, ఐ-20 చదవం

ఆ మధ్య విజయవాడలో దగ్గరి బంధువుల ఇంట్లో భోజనాలయ్యాక బల్ల తుడిచి, రెండు ఐ-20 పత్రాలను, అంటే విద్యార్థి వీసా కోసం అమెరికా విశ్వవిద్యాలయాలు ఇచ్చే కాగితాలను, పక్కపక్కన పరిచారు. రెండూ బిజినెస్‌లో పీజీకే. ఒకటి పేరున్న విశ్వవిద్యాలయంలో పది నెలల కోర్సు, మరొకటి అంతగా ఎవరూ వినని ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో నాలుగు సెమిస్టర్ల కోర్సు. అబ్బాయి తండ్రి మొదటిదాని మీద వేలు పెట్టి, ర్యాంకు చెప్పి, ఇక ఆలోచించేదేముందన్నట్టు చూశారు. నేను రెండు కాగితాల్లోనూ మేజర్ అని ఉన్న వరుసను చూపించాను. పేరున్నచోట 52.0201 అని, రెండోచోట 52.1301 అని ఉంది. ఇంట్లో ఎవరూ అప్పటివరకు ఆ అంకెలను చదవలేదు. దరఖాస్తులు చేయించిన కన్సల్టెన్సీ వారు కూడా వాటి ప్రస్తావన తేలేదట.

ఆ ఆరంకెలు సీఐపీ కోడ్. అమెరికా విద్యాశాఖ ప్రతి కోర్సునూ ఏ కోవలోకి వస్తుందో వర్గీకరించే సంఖ్య అది. 52.0201 సాధారణ బిజినెస్ అడ్మినిస్ట్రేషన్, 52.1301 మేనేజ్‌మెంట్ సైన్స్. మొదటిది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో లేదు, రెండోది ఉంది. ఎఫ్-1 విద్యార్థి వీసాపై చదివిన ఎవరికైనా డిగ్రీ తరువాత ఓపీటీ అనే తాత్కాలిక పని అనుమతి కింద 12 నెలలు పనిచేసే వీలుంటుంది. స్టెమ్ డిగ్రీ అయితే, ఉద్యోగుల పని అర్హతను సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ ఈ-వెరిఫైలో నమోదైన సంస్థలో ఉద్యోగం ఉంటే, 2016 నుంచి మరో 24 నెలలు కలుస్తాయి. ఆ తరువాతా అక్కడ ఉద్యోగం కొనసాగించడానికి కావలసిన హెచ్-1బీ వీసాల లాటరీ ఏటా మార్చిలో జరుగుతుంది కనుక, మే నెలలో పట్టా పుచ్చుకున్న విద్యార్థికి మొదటి కోడ్ కింద ఓపీటీలో దొరికేది ఒకే ఒక్క మార్చి, రెండో కోడ్ కింద మూడు మార్చిలు. పాతిక, ముప్పై లక్షల రుణం నెత్తిన పెట్టుకుని వెళ్లేవారికి ఈ తేడా ర్యాంకుల పట్టికలో ఇరవై మెట్ల తేడా కంటే పెద్దది. ఎంబీఏ అన్న ఒకే పేరు కింద కొన్ని విశ్వవిద్యాలయాలు ఒక కోడ్, మరికొన్ని ఇంకో కోడ్ వాడుతున్నాయి కాబట్టి, కోర్సు పేరును బట్టి ఊహించుకోవడానికీ వీల్లేదు.

అమెరికాలోని విదేశీ విద్యార్థుల్లో 2023-24లో 3,31,602 మందితో భారతీయులు చైనాను దాటి మొదటి స్థానానికి వచ్చారు, మరుసటి ఏడాది ఆ సంఖ్య 3,63,019కి చేరింది. ఈ రద్దీలో తెలుగువారి వాటా ఎంతో హైదరాబాద్ కాన్సులేట్‌లో స్లాట్ కోసం రాత్రుళ్లు మేలుకున్నవారిని, చిలుకూరు బాలాజీ గుడిలో ప్రదక్షిణలు లెక్కపెట్టుకునేవారిని అడిగితే చెబుతారు. అయితే మనవాళ్లు నడిచిన బాట ఎక్కువగా కంప్యూటర్ సైన్స్‌ది. ఏ విశ్వవిద్యాలయంలో ఏ కోర్సు తేలిక, ఎక్కడ అసిస్టెంట్‌షిప్ దొరుకుతుంది, ఏ ఊళ్లో గది అద్దె ఎంత అన్నవన్నీ సీనియర్ల నోట, వాట్సాప్ గ్రూపుల్లో పోగుపడి ఉన్నాయి. బిజినెస్ చదవాలనుకునే బీకాం, బీబీఏ విద్యార్థికి, దారి మార్చుకోదలచిన ఇంజినీరుకు అలాంటి ఆసరా తక్కువ. అందుకే వారు ర్యాంకును పట్టుకుంటున్నారు.

ర్యాంకు అబద్ధం కాదు, కానీ అది మనం అడిగిన ప్రశ్నకు జవాబు కాదు. డిగ్రీ స్థాయి బిజినెస్ కోర్సులకు యూఎస్ న్యూస్ అనే వార్తా సంస్థ ఇచ్చే ర్యాంకు పూర్తిగా ఇతర బిజినెస్ స్కూళ్ల డీన్లు, సీనియర్ అధ్యాపకుల అభిప్రాయ సేకరణ మీద ఆధారపడినది. ఒక డీన్ మరో విశ్వవిద్యాలయం గురించి ఏమనుకుంటున్నారన్నది ఆసక్తికరమే గానీ, గుంటూరు నుంచి వెళ్లిన అమ్మాయికి చికాగోలో ఉద్యోగం దొరికిందా లేదా అన్నది అందులో ఉండదు. అమెరికా ప్రభుత్వమే నడిపే కాలేజ్ స్కోర్‌కార్డ్‌లో కోర్సువారీ జీతాలు కనిపిస్తాయి కదా అంటే, అవి ఫెడరల్ ప్రభుత్వ ఆర్థిక సాయం పొందిన విద్యార్థుల జీతాలు మాత్రమే. విదేశీ విద్యార్థికి ఆ సాయానికి అర్హతే లేదు కాబట్టి, మనవాళ్లు ఎవరూ ఆ లెక్కలో లేరు.

మన ప్రశ్నకు దగ్గరగా వచ్చే పత్రం ఒకటుంది, అది బిజినెస్ స్కూలు ఏటా వెలువరించే ఉపాధి నివేదిక. పేరున్న ఎంబీఏ స్కూళ్లు చాలావరకు ఒక ఉమ్మడి ప్రమాణం ప్రకారం దీన్ని తయారు చేస్తాయి. అందులో అమెరికాలో శాశ్వతంగా పనిచేసే హక్కు ఉన్నవారిని, లేనివారిని వేరువేరు వరుసల్లో చూపించాలి. పట్టా వచ్చిన మూడు నెలల్లో ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయన్నది రెండో వరుసలో ఎంత ఉందో చూడాలి. పై అట్ట మీద పెద్ద అక్షరాలతో వేసే శాతం ఇద్దరినీ కలిపినది. ఒకవేళ ఆ విభజన అసలు ఇవ్వకుండా, కేవలం సంస్థల లోగోలు వరుసగా పేర్చిన బ్రోషర్ చేతికొస్తే, అది కూడా ఒక సమాచారమే. ఎంఎస్ కోర్సుల విషయంలో ఇలాంటి బ్రోషర్లే ఎక్కువ.

కోర్సు ఎంతకాలం అన్నదాన్ని మనం ఖర్చు కోణంలోనే చూస్తాం. పది నెలల్లో అయిపోతే ఫీజు, అద్దె మిగులుతాయి కదా అన్నది ఆ తండ్రి వాదన కూడా. ఒక విద్యార్థి ఆగస్టు రెండో వారంలో దిగాడనుకుందాం. లీజు సంతకం, బ్యాంకు ఖాతా, సిమ్ కార్డు, ఇండియన్ స్టోర్‌లో పప్పు, బియ్యం అయ్యేసరికి నెలాఖరు. సెప్టెంబరు మూడో వారానికల్లా క్యాంపస్‌లో కెరీర్ ఫెయిర్. వచ్చే వేసవిలో చేరేవారి కోసం పెద్ద అకౌంటింగ్, కన్సల్టింగ్ సంస్థలు, బ్యాంకులు మనుషులను వెతికేది అప్పుడే. ఇంకా ఒక్క పరీక్ష కూడా రాయని, అమెరికాలో ఒక్క రోజు కూడా పనిచేయని విద్యార్థి, తండ్రి పేరు, పుట్టిన తేదీతో సహా ఉన్న మూడు పేజీల రెజ్యూమె పట్టుకుని వరుసలో నిలబడతాడు. ఆన్‌లైన్ దరఖాస్తులో, ఇప్పుడు గానీ మున్ముందు గానీ మీకు వీసా స్పాన్సర్‌షిప్ అవసరమవుతుందా అన్న ప్రశ్న వస్తుంది. అవును అని నిజం చెప్పాక చాలా సంస్థల నుంచి మళ్లీ కబురు రాదు. స్పాన్సర్ చేయడానికి ఒప్పుకునే కొద్ది సంస్థలు కూడా ఎక్కువగా తమ దగ్గర వేసవి ఇంటర్న్‌షిప్ చేసి, పనితీరు చూపించుకున్నవారికే ఆ ఖర్చు పెడతాయి. పది నెలల కోర్సులో ఆ వేసవే లేదు. చదువు మధ్యలో బయట పనిచేయడానికి ఉపయోగపడే సీపీటీకి మామూలుగా ఒక పూర్తి విద్యాసంవత్సరం ముగిసి ఉండాలి, ఈ కోర్సులో అప్పటికి చదువే అయిపోతుంది. నాలుగు సెమిస్టర్ల కోర్సులో మధ్యన ఒక వేసవి వస్తుంది, రెండో సెప్టెంబరు కూడా వస్తుంది. మిగుల్చుకున్నామనుకున్న ఫీజు, నిజానికి ఆ వేసవిని అమ్ముకుని సంపాదించినదే.

ఊరు మరో సంగతి. న్యూయార్క్, బోస్టన్, బే ఏరియా అంటే మనకు నమ్మకం. అక్కడ సంస్థలు ఎన్నో, పోటీ పడేవారూ అన్ని రెట్లు. ఆర్కన్సా రాష్ట్రం పేరు చెబితే మాత్రం తెలుగిళ్లలో ఒక క్షణం మౌనం. ఫేయట్‌విల్‌లోని ఆర్కన్సా విశ్వవిద్యాలయ బిజినెస్ కళాశాలకు వాల్‌మార్ట్ వ్యవస్థాపకుడు శామ్ వాల్టన్ పేరే పెట్టారు. అక్కడికి అరగంట ప్రయాణ దూరంలో బెంటన్‌విల్‌లో వాల్‌మార్ట్ ప్రధాన కార్యాలయం, దారిలో స్ప్రింగ్‌డేల్‌లో టైసన్ ఫుడ్స్, లోవెల్‌లో జేబీ హంట్ రవాణా సంస్థ ఉన్నాయి. వాల్‌మార్ట్‌కు సరుకు అమ్మే పెద్ద కంపెనీలు దాదాపు అన్నీ ఆ చుట్టుపక్కలే కార్యాలయాలు తెరిచాయి. రిటైల్, సరఫరా గొలుసు చదవాలనుకునే విద్యార్థికి పరిశ్రమ ఇంటి గుమ్మంలో ఉన్నట్టే. మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయానికి సప్లై చెయిన్‌లో, విస్కాన్సిన్ మాడిసన్‌కు రిస్క్ మేనేజ్‌మెంట్, రియల్ ఎస్టేట్‌లలో, అట్లాంటాలోని జార్జియా స్టేట్‌కు బీమారంగంలో, మన్‌హటన్‌లో తక్కువ ఫీజుతో నడిచే బారూక్ కళాశాలకు అకౌంటింగ్‌లో ఉన్న పట్టు మొత్తం విశ్వవిద్యాలయపు ర్యాంకులో కనిపించదు. ఏ ఊళ్లో ఏ సంస్థ ఎందరికి హెచ్-1బీ తెచ్చిందో అమెరికా వలస సేవల విభాగమైన యూఎస్‌సీఐఎస్ తన వెబ్‌సైట్‌లో ఎవరైనా వెతుక్కునేలా పెట్టింది. కన్సల్టెన్సీ ఇచ్చే సేఫ్, మోడరేట్, యాంబిషియస్ జాబితా కంటే ఆ పట్టికతో గడిపిన ఒక సాయంత్రం విలువైనది.

ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్లకే ఎంబీఏకు వెళ్లడం గురించి కూడా ఒక మాట చెప్పాలి. అమెరికాలో మంచి ఎంబీఏ తరగతిలో సగటున నాలుగైదేళ్ల ఉద్యోగానుభవం ఉన్నవారు కూర్చుంటారు. అనుభవం అడగకుండా చేర్చుకునే ఎంబీఏలు లేకపోలేదు గానీ, వాటి పట్టాను అక్కడి సంస్థలు అదే కొలతతో తూచవు. మన హైదరాబాద్ నుంచే వెళ్లిన ఇద్దరిని చూడండి. సత్య నాదెళ్ల విస్కాన్సిన్ మిల్వాకీలో, అడోబీ సారథిగా పేరుపొందిన శంతను నారాయణ్ ఒహాయోలోని బౌలింగ్ గ్రీన్‌లో ఎంఎస్ చేశారు. రెండూ ఏ కన్సల్టెన్సీ గోడ మీదా పెద్దక్షరాల్లో కనిపించని పేర్లు. చికాగో బూత్, బర్కిలీ హాస్ బిజినెస్ స్కూళ్ల ఎంబీఏలు వారి జీవితాల్లోకి ఉద్యోగంలో కుదురుకున్న తరువాతే వచ్చాయి. వారి కాలం, వీసా పరిస్థితులు వేరు కాబట్టి ఆ దారిని అచ్చంగా అనుసరించమని కాదు, మెట్ల వరుస మాత్రం ఇప్పటికీ అదే. ఇంటర్ తరువాతే వెళ్లేవారికి లెక్క ఇంకోలా ఉంటుంది. ప్రిన్స్‌టన్‌లో అసలు బిజినెస్ స్కూలే లేదు. మరికొన్ని చోట్ల విశ్వవిద్యాలయంలో సీటు వచ్చినా బిజినెస్ కళాశాలలోకి మళ్లీ పోటీ పడాలి, అది దక్కకపోతే నాలుగేళ్ల ఫీజు కట్టి మరో మేజర్‌తో బయటపడాల్సి వస్తుంది.

లాభాపేక్షతో నడిచే విశ్వవిద్యాలయాల గురించి ఎవరూ చెప్పని చిక్కు ఒకటుంది. హెచ్-1బీలో ఏటా ఉండే 65,000కు అదనంగా అమెరికా మాస్టర్స్ డిగ్రీ ఉన్నవారికి 20,000 కేటాయించారు. ఆ డిగ్రీ ప్రభుత్వ లేదా లాభాపేక్ష లేని, గుర్తింపు పొందిన సంస్థది కాకపోతే ఆ రెండో కోటాకు అర్హత రాదు. ఇక 2011లో ట్రైవ్యాలీ, 2019లో ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయాల వ్యవహారాల్లో చిక్కుకున్నవారిలో అధికులు తెలుగు విద్యార్థులే. మొదటిది తరగతులు నడపని బూటకపు సంస్థ, రెండోది అమెరికా ప్రభుత్వమే పన్నిన వల. మొదటి రోజు నుంచే ఉద్యోగం చేసుకోవచ్చన్న హామీ దగ్గరే రెంటినీ అనుమానించి ఉండాల్సింది.

ఇవన్నీ సరిచూసుకున్నా నేల కదులుతూనే ఉంది. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. అమెరికాలోనే ఉండి ఎఫ్-1 నుంచి మారేవారికి అది వర్తించదని అక్టోబరులో వివరణ వచ్చింది. డిసెంబరులో లాటరీ పద్ధతినే మార్చారు. జీతం స్థాయిని బట్టి ఒకటో స్థాయి ఉద్యోగికి ఒక చీటీ, నాలుగో స్థాయివారికి నాలుగు చీట్లు అన్నది కొత్త నియమం. కొత్తగా పట్టా పుచ్చుకున్న బిజినెస్ అనలిస్ట్ సాధారణంగా ఒకటో స్థాయిలోనే మొదలవుతాడు కాబట్టి, పైన చెప్పిన మూడు మార్చిల విలువ కూడా కొంత తగ్గినట్టే. అందుకే రుణం తీసుకునేముందు వేసుకోవలసిన లెక్క హెచ్-1బీ వస్తే ఎన్నేళ్లలో తీరుతుందన్నది కాదు. ఓపీటీ అయ్యాక తిరిగొచ్చి గచ్చిబౌలిలో ఉద్యోగం చేసుకుంటూ, డాలరు 90 రూపాయలు దాటిన రోజుల్లో తీసుకున్న ఆ అప్పు తీర్చగలమా అన్నది. ఆ లెక్క కుదరకపోతే, అదే గచ్చిబౌలిలో 2001 నుంచి ఉన్న ఐఎస్‌బీ (ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్) వైపు నాలుగేళ్ల ఉద్యోగం తరువాత చూడటం నామోషీ ఏమీ కాదు.

ఆ రాత్రి అబ్బాయి రెండు విశ్వవిద్యాలయాలకూ ఈమెయిల్ పెట్టాడు. గత రెండేళ్లలో మీ కోర్సు పూర్తిచేసిన విదేశీ విద్యార్థుల్లో ఎంతమందికి అమెరికాలో ఉద్యోగం వచ్చింది, ఏ సంస్థల్లో, ఏ హోదాలో అని అడిగాడు. నాలుగు సెమిస్టర్ల కోర్సు వారి నుంచి మూడో రోజున ఒక పట్టిక వచ్చింది, అంకెలు గొప్పగా లేవు గానీ ఉన్నాయి. పేరున్న చోటు నుంచి, గడువులోగా డిపాజిట్ కట్టి సీటు ఖరారు చేసుకోమని గుర్తుచేస్తూ ఒక ఉత్తరం వచ్చింది.