మల్లెకు గ్లాసు నీళ్లు చాలవు
మల్లె కొమ్మను గ్లాసు నీళ్లలో పెడితే వేళ్లు వచ్చేస్తాయని ఒకరు రాశారు. మనీప్లాంట్‌కీ, రంగురంగుల ఆకుల కోలియస్‌కీ అయితే నిజమే, మల్లెకు మాత్రం నేను ఒప్పుకోను. మేముండేది న్యూజెర్సీలో. గడ్డకట్టే చలి మొదలైతే బయటి మల్లె బతకదు, అందుకే ఏటా వేసవిలోనే కొమ్మల నుంచి రెండు మూడు కొత్త మొక్కలు తయారు చేసుకుంటాను. మొదటి ఏడాది ఐదు కొమ్మలు గ్లాసులో పెడితే రెండు వారాలకే అడుగు నల్లబడి, జిగురొచ్చి, నీళ్లు కంపు కొట్టాయి. మరుసటి జూన్‌లో పూత అయిపోయిన కొమ్మ చూసి, మరీ లేతా మరీ ముదురూ కానిది, కణుపుకు కాస్త కిందుగా, నాలుగంగుళాల ముక్క కోశాను. కింది ఆకులు తుంచేసి, కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), పెర్లైట్ (తేలికైన తెల్లటి గుళికలు) సగం సగం కలిపి తడిపిన కప్పులో గుచ్చి, పైన కూల్‌డ్రింక్ సీసా సగానికి కోసి బోర్లించాను. నేరుగా ఎండ పడని కిటికీ దగ్గర పెట్టాను. ఐదో వారంలో మెల్లగా లాగితే ఊడి రాలేదు, పట్టేసింది! (అలా లాగి చూస్తావా అని మా అత్తగారు ఫోన్లో తిట్టారనుకోండి.) ఇంకోటి, వేళ్లు రాకముందే ఒక్కోసారి మొగ్గ వేస్తుంది. మనసొప్పదు కానీ అది తుంచేయాల్సిందే.