ఇంట గెలిచాం, రచ్చకు గడువెక్కడ?

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మా ఫుట్‌బాల్ జట్టు పెద్దల మాట జవదాటదు. ఇంట గెలవడం వరకు పూర్తిచేసింది. ఇక రచ్చ సంగతి. సామెతను ఎన్నిసార్లు తిరగేసినా అందులో గడువు తేదీ కనిపించలేదు. గడువే లేని పనికి ఆలస్యమైందని నిందించడం న్యాయం కాదని మనవి.

మా డిఫెండరునే తీసుకోండి. సొంత మైదానంలో బంతి ఎక్కడ పడబోతోందో ముందే కబురందినట్టు నిలబడతాడు. అదే మనిషి పరాయి మైదానంలో ఎదుటివారు మూల నుంచి తన్నే కార్నర్ కిక్ వస్తుంటే, తన బస్సు ఎటునుంచి వస్తుందో తెలియని ప్రయాణికుడిలా అటూ ఇటూ చూస్తాడు. బంతి తల మీదుగా వెళ్లి వలలో పడ్డాక చెయ్యెత్తి ఆఫ్‌సైడ్ అంటాడు, అంటే ఎదుటివాడు నిబంధన మీరి ముందే గోల్ దగ్గర కాపుకాశాడని. కార్నర్ కిక్ నుంచి నేరుగా అందిన బంతికి ఆఫ్‌సైడ్ ఉండదని నిబంధనల పుస్తకంలో ఉంది. పాపం, పుస్తకం ఇంట్లో మరచిపోయి ఉంటాడు.

గోల్ ఎక్కడైనా 7.32 మీటర్ల వెడల్పు, 2.44 మీటర్ల ఎత్తు. మావాళ్లు ఊరు దాటగానే ఎదుటివారి గోల్ సూది బెజ్జంలా ముడుచుకుంటుంది, మా గోల్ కోట గుమ్మంలా తెరుచుకుంటుంది. కొలిచి చూపిస్తే వాళ్లు నమ్మరు. నేనూ నమ్మడం మానేశాను.

అయినా ఈ జబ్బు మా ఒక్కరిదా? 1991-92లో ఇంగ్లండు ఛాంపియన్ లీడ్స్ యునైటెడ్. మరుసటి సీజనులో ఆ ఛాంపియన్లే సొంతగడ్డ మీద ఒక్కసారి మాత్రమే ఓడి, బయట ఆడిన 21 మ్యాచ్‌లలో ఒక్కటీ గెలవక 17వ స్థానానికి జారారు. ఛాంపియన్లం కాకపోవడం వల్ల అంత ఎత్తు నుంచి పడే ప్రమాదం మాకు లేదు. బొలీవియా కథ ఇంకా ఊరటనిస్తుంది. సుమారు 3,600 మీటర్ల ఎత్తున ఉన్న వాళ్ల లా పాజ్ నగరంలో అతిథులకు ఊపిరే అందదు. 2009లో అర్జెంటీనా అక్కడ 6-1తో ఓడింది. అదే బొలీవియా ప్రపంచ కప్ అర్హత పోటీల్లో 1993లో వెనిజులాలో గెలిచాక, మళ్లీ పరాయి గడ్డ మీద గెలిచింది 2024లో, చిలీలో. ముప్పై ఒక్క ఏళ్లు! మేమింకా మొదటి దశాబ్దంలోనే ఉన్నాం. తొందరపెట్టకండి.

2018లో ఇంగ్లండులోని నార్విచ్ సిటీ క్లబ్బు అతిథి జట్టు గదికి గులాబీ రంగు వేయించింది. ఆ రంగు చూస్తే మగవాళ్లలో కసి తగ్గుతుందన్న ఆశ కాబోలు. మావాళ్ల కోసం ఎవరూ రంగు డబ్బాలు కొననక్కర్లేదు. బస్సులోంచి మెత్తబడే దిగుతారు.

అసలు విషయం ఇప్పుడు చెబుతాను. 2002లో వెలువడిన ఒక పరిశోధనలో 40 మంది రిఫరీలకు ఒకే మ్యాచ్‌ను చూపించారు, కొందరికి జనం కేకలతో, కొందరికి నిశ్శబ్దంగా. కేకలు విన్నవారు ఇంటి జట్టు మీద తక్కువ ఫౌళ్లు ఇచ్చారు. స్పెయిన్‌లో ఇంటి జట్టు ఒక్క గోల్ వెనకబడితే ఆట చివర రిఫరీ కలిపే కొసరు నిమిషాలు పెరుగుతాయనీ, ముందుంటే తరుగుతాయనీ మరికొందరు లెక్కతేల్చారు. కరోనా పుణ్యమా అని స్టేడియంలు దాదాపు ఖాళీగా ఉన్న 2020-21 ఇంగ్లండు ప్రీమియర్ లీగ్‌లో ఇంటి జట్లు 144 మ్యాచ్‌లు గెలిస్తే అతిథులు 153 గెలిచారు. సొంత మైదానంలో వరసగా 68 లీగ్ మ్యాచ్‌లు ఓటమి ఎరగని లివర్‌పూల్, ఆ ఏడు అక్కడే వరసగా ఆరు ఓడింది.

అంటే గెలుస్తున్నది కేకలు వేసే అభిమానులం, మేము. గొంతు మాది, పాయింట్లు క్లబ్బువి! గొంతు అరుగుదల భత్యం ఇప్పించాలని మహజరు రాశాను. పక్క సీటు పెద్దాయన అద్దాలు సవరించుకుని అంతా చదివాడు.

"బాగుంది బాబూ. మరి బయట ఓటములు కూడా మన ఖాతాలోనేనా? మనం వెళ్లడం లేదుగా."

మహజరు మడిచి జేబులో పెట్టుకున్నాను. జట్టు పరువు కోసం తరవాతి రచ్చ మ్యాచ్‌కు వెళ్లాను. అతిథి అభిమానులకు కేటాయించిన మూల, ముందు ఒక స్తంభం. తొంభై నిమిషాలూ అరిచాను. మూడు గోల్స్ పడ్డాయి. స్తంభం దయవల్ల రెండే చూశాను. ఆట అయ్యాక మావాళ్లు మా మూలకు వచ్చి తలపైకి చేతులెత్తి చప్పట్లు కొట్టారు. డిఫెండరు జెర్సీ విప్పి విసిరాడు. అది సరిగ్గా నా ఒళ్లో పడింది. ఆ రోజు అతడి పాస్‌లలో గురి తప్పనిది అదొక్కటే.

ఇంటికి తెచ్చి దీపం కింద పరిచి చూశాం. మట్టి మరక లేదు, చెమట వాసన లేదు. ఉతికే పని లేకుండా నేరుగా బీరువాలో పెట్టేశాం.